ఫైఫాక్స్ యాప్: గురుత్వాకర్షణ పాఠానికి ఇంట్లో ఉన్న పాత ఫోను చాలు

ముందే చెప్పేస్తున్నా, ఇది మార్కులు తెచ్చిపెట్టే యాప్ కాదు. పిల్లాడి చేతికి ఫోనిచ్చి మీరు వంటింట్లోకి వెళ్లిపోతే కాసేపు గ్రాఫులు అటూ ఇటూ కదిపి చూసి, ఆ తర్వాత మెల్లగా రీల్స్‌లోకి జారుకుంటాడు, అందులో వాడి తప్పేమీ లేదు. కానీ పక్కన కూర్చుని "అలా ఎందుకొచ్చిందో చెప్పు" అని గుచ్చి గుచ్చి అడిగే మనిషి ఒకరుంటే, గురుత్వాకర్షణ పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి సామాను నాకింతవరకూ దొరకలేదు. పైగా పైసా ఖర్చు లేదు.

జర్మనీలో ఆఖెన్ అనే ఊళ్లో ఆర్‌డబ్ల్యూటీహెచ్ అని పెద్ద సాంకేతిక విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి భౌతికశాస్త్రం వాళ్లు 2016లో దీన్ని బయటికి వదిలారు. ఆండ్రాయిడ్‌లోనూ ఐఫోన్‌లోనూ దొరుకుతుంది. యాడ్స్ లేవు, లాగిన్ అడగదు, డేటా ఆపేసినా నడుస్తుంది. స్క్రీను అడ్డంగా తిప్పితే బొమ్మ తిరగడానికీ, మనం నడిచిన అడుగులు లెక్కపెట్టడానికీ ఫోన్లో సెన్సర్లు ఉంటాయి కదా, వాటి అంకెల్ని ఏ మసాలా లేకుండా నేరుగా గ్రాఫుగా గీసి చూపించడమే దీని పని.

నేను సాయంత్రం పూట ఇంటి దగ్గర తొమ్మిది, పది తరగతుల పిల్లలకు ట్యూషన్ చెబుతాను, ఇంటర్ మొదటి సంవత్సరం వాళ్లు కూడా కొందరు వస్తారు. వీళ్లకి ఫార్ములాలు రాక కాదు ఇబ్బంది. "వి ఈక్వల్ టు యు ప్లస్ ఏటీ" అని నిద్రలో లేపి అడిగినా చెబుతారు. సెకనుకు 19.6 మీటర్ల వేగంతో పైకి విసిరిన రాయి ఎంత ఎత్తుకు వెళ్తుందంటే 19.6 మీటర్లు అని టకటకా వేసేస్తారు, పైకి వెళ్లడానికి 2 సెకన్లు, మళ్లీ చేతికి రావడానికి మొత్తం 4 సెకన్లు, అంతా కరెక్టే. అదే రాయి సరిగ్గా పైన ఉన్న క్షణంలో దాని త్వరణం ఎంత అని అడగండి. ఎక్కువమంది సున్నా అంటారు. ఎందుకురా అంటే "అక్కడ ఆగింది కదా టీచర్" అంటారు. లెక్క చేసేటప్పుడు ఆ నాలుగు సెకన్లూ 9.8నే వాడిన పిల్లాడే ఈ మాట అంటాడు! లెక్క ఒక దారి, బుర్రలో ఉన్న బొమ్మ ఇంకో దారి. ఈ రెండింటినీ ఎదురెదురుగా కూర్చోబెట్టడానికే నేను ఈ యాప్ వాడుతున్నా.

యాప్ తెరిస్తే పొడవాటి జాబితా వస్తుంది. అందులో "యాక్సిలరేషన్ విత్ జి" అన్నది తెరిచి, ఫోనుని బల్ల మీద స్క్రీను పైకి ఉండేట్టు పెట్టి ప్లే నొక్కండి. ఎక్స్, వై (స్క్రీను వెంబడి ఉండే రెండు దిక్కులు) దాదాపు సున్నా, జెడ్ (స్క్రీనుకి లంబంగా ఉండే దిక్కు) దగ్గర మాత్రం 9.8 చుట్టూ ఒక అంకె ఆడుతూ ఉంటుంది. గొడవ ఇక్కడే మొదలవుతుంది. "కదలట్లేదు కదా టీచర్, త్వరణం సున్నా రావాలి, మీ ఫోన్ పాడైంది" అంటాడొకడు. "గురుత్వ త్వరణం కదరా, భూమి కిందికి లాగుతోంది, అదే చూపిస్తోంది" అంటాడు ఇంకొకడు, వాడిది సగం తెలిసిన ధీమా. అప్పుడు నేనడిగేది ఒక్కటే: స్క్రీను వైపు ప్లస్ అని యాప్ వాళ్లు పెట్టుకున్నారు, అంటే ఇప్పుడు పైదిక్కు ప్లస్. భూమి కిందికి లాగడం చూపిస్తుంటే మైనస్ రావాలి కదా, ప్లస్ 9.8 ఎందుకొచ్చింది?

ఈ ప్రశ్న మీద ఎంతసేపు కొట్టుకున్నా పర్లేదు, కొట్టుకోనివ్వండి. తర్వాత సంగతి చెప్పండి. సెన్సర్ లోపల సిలికాన్‌తో చేసిన అతి చిన్న ముక్క ఒకటి, స్ప్రింగుల్లాగా వంగే సన్నటి పట్టీల మీద ఆని ఉంటుంది. బల్ల ఫోనుని కింద నుంచి మోస్తోంది, ఫోను ఆ పట్టీలతో ముక్కని మోస్తోంది, పట్టీలు ఎంత వంగాయో దాన్నిబట్టి అంకె వస్తోంది. అంటే మనం చూస్తున్నది భూమి లాగే లాగుడు కాదు, బల్ల పైకి తోసే తోపుడు. పాఠ్యపుస్తకంలో అభిలంబ బలం అని బాణం గుర్తు వేసి వదిలేస్తారే, అది ఇదే. ఆ బాణాన్ని పరీక్షలో బొమ్మ వేయడానికి తప్ప ఎప్పుడూ పట్టించుకోని పిల్లలు దాన్ని మొదటిసారి అంకెగా చూసేది ఇక్కడే.

ఇంకో చిన్న పని కూడా చేయించండి. మీ ఫోన్లో 9.92 అని వస్తుందనుకోండి, ఇంటికెళ్లి గూగుల్ చూసి 9.81 రావాలి కదా అని నిలదీస్తారు. ఫోనుని బోర్లా తిప్పి పెట్టండి, మైనస్ 9.68 వచ్చిందనుకోండి. రెండు అంకెల పరిమాణాలకు సగటు కడితే 9.80, సెన్సర్‌కి పుట్టుకతో ఉన్న తేడా 0.12. కొలిచే సాధనంలో ఉన్న దోషాన్ని ఆ సాధనంతోనే ఎలా పట్టుకోవచ్చో ఇంత చిటికెలో చూపించే ప్రయోగం నాకైతే స్కూలు ల్యాబులో ఎవరూ చేయించలేదు. నిజానికి జి విలువ, అంటే గురుత్వ త్వరణం, భూమధ్యరేఖ దగ్గర 9.780, ధ్రువాల దగ్గర 9.832, మన తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడైనా 9.78 చుట్టూనే ఉంటుంది. ఆ తేడాలు పట్టుకోవడం ఫోను వల్ల కాదు, దానికి జిని అతి సూక్ష్మంగా కొలిచే గ్రావిమీటర్లు కావాలి, హైదరాబాద్ ఉప్పల్‌లో ఉన్న ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) లాంటి సంస్థలు నేల కింద రాళ్ల సాంద్రత ఎలా మారుతోందో తెలుసుకోవడానికి వాటిని వాడతాయి.

ఇక అసలు ప్రయోగం. మందపాటి పరుపు, దాని మీద రెండు దిండ్లు, అమ్మావాళ్లది కాని ఒక పాత ఫోను. యాప్ మెనూలో "టైమ్డ్ రన్" అని ఉంటుంది, ఇన్ని సెకన్ల తర్వాత మొదలుపెట్టు, ఇన్ని సెకన్లకి ఆపు అని చెప్పొచ్చు, కాబట్టి ప్లే నొక్కి హడావిడి పడక్కర్లేదు. ఫోనుని మీటరు ఎత్తున పట్టుకుని వదిలేయండి. వదిలే ముందు ప్రతి పిల్లాడి చేతా గ్రాఫు ఎలా వస్తుందో నోట్‌బుక్‌లో గీయించండి, ఇది మాత్రం మానొద్దు. చాలామంది 9.8 నుంచి ఇంకా పైకి ఎక్కే గీత గీస్తారు, పడేకొద్దీ స్పీడు పెరుగుతుంది కదా అని. వచ్చేది వేరు. చేతిలో ఉన్నంతసేపు 9.8, వదలగానే గీత ధబీమని సున్నా దగ్గరికి పడిపోతుంది, 0.45 సెకను అక్కడే ఉంటుంది, పరుపుకి తగలగానే ముల్లులా పైకి లేస్తుంది.

పడుతున్నప్పుడు ఫోనుతో పాటు లోపలి ముక్క కూడా అదే లెక్కన పడుతోంది, ఎవరూ ఎవరినీ మొయ్యట్లేదు, పట్టీ వంగలేదు, అందుకే సున్నా. ఇది అర్థమయ్యాక అదే ఫోనుని కాస్త పైకి ఎగరేసి పరుపు మీద పడనివ్వండి, తిరగకుండా నెమ్మదిగా. గ్రాఫుని రెండు వేళ్లతో సాగదీసి, ఫోను పైన ఆగిన క్షణం ఎక్కడుందో చూపించమని అడగండి. ఎవరూ చూపించలేరు. పైకి వెళ్తున్నప్పుడూ, పైన ఉన్నప్పుడూ, కిందికి వస్తున్నప్పుడూ ఒకే చదును గీత. పైన ఏదో ప్రత్యేకంగా జరుగుతుందనుకున్న పిల్లాడికి అక్కడ ఏమీ కనపడదు.

ఇక్కడొక మెలిక ఉంది, ఎవరూ హెచ్చరించరు కాబట్టి చెబుతున్నా. ఆ సున్నాని చూసి "చూశారా టీచర్, నేనన్నట్టే త్వరణం సున్నా" అనే తెలివైనవాడు ప్రతి బ్యాచ్‌లోనూ ఒకడుంటాడు. బల్ల మీద ప్లస్ 9.8 ఎందుకొచ్చిందో ముందే తేల్చుకుని ఉంటేనే వాడికి జవాబు చెప్పగలం: ఈ అంకె ఫోనుని మోసేవాళ్లు ఎంత మోస్తున్నారన్నది చెబుతుంది తప్ప భూమి లాగుతోందా లేదా అన్నది చెప్పదు. మోసేవాళ్లు ఎవరూ లేరంటే మిగిలింది భూమి ఒక్కటే, కాబట్టి గాలిలో ఉన్నంతసేపూ త్వరణం 9.8, కిందికి. బల్ల పాఠం దాటేసి నేరుగా ఫోను ఎగరేస్తే మాత్రం ఉన్న అపోహని మీ చేత్తో మీరే గట్టిపరిచినవాళ్లవుతారు.

గీత సరిగ్గా సున్నాకి రాకుండా ఒకటో రెండో దగ్గర ఆగిందంటే కంగారు పడొద్దు, ఫోను గాలిలో తిరిగి ఉంటుంది, సెన్సర్ ఫోనుకి సరిగ్గా నడిమధ్యలో ఉండదు కాబట్టి ఆ తిరుగుడు కూడా అందులో కలుస్తుంది. ఇంటర్ పిల్లలైతే దీన్నే అభికేంద్ర త్వరణం పాఠానికి ముందుమాటగా వాడుకోవచ్చు.

అంతరిక్ష కేంద్రంలో వ్యోమగాములు తేలడం గురించి కూడా వెంటనే అడిగేయండి, ఇనుము వేడిగా ఉన్నప్పుడే. అక్కడ గురుత్వాకర్షణ ఉండదనే చెబుతారు ముందు. అది ఉన్న ఎత్తు సుమారు 400 కిలోమీటర్లు, భూమి వ్యాసార్థమేమో 6,371 కిలోమీటర్లు, విలోమ వర్గ నియమంతో (భూమి కేంద్రం నుంచి దూరం రెట్టింపైతే లాగుడు నాలుగో వంతు అవుతుందనేది) లెక్క వేయించండి, జి విలువ దాదాపు 8.7 వస్తుంది, అంటే ఇక్కడున్న దాంట్లో 89 శాతం పోకుండా అక్కడ ఉంది. మరి తేలుతున్నారెందుకు? సెకనుకు దాదాపు 7.7 కిలోమీటర్ల వేగంతో పక్కకి దూసుకెళ్తూ భూమి చుట్టూ పడుతూనే ఉన్నారు, పరుపు మాత్రం రావట్లేదు. ఈ మాట నేను చెప్పక్కర్లేకుండా పిల్లలే అంటే ఆ రోజుకి క్లాసు అయిపోయినట్టే.

అపార్ట్‌మెంట్‌లో లిఫ్టు ఉంటే దాన్ని వదలొద్దు. ఫోనుని లిఫ్టు నేల మీద పెట్టి అదే "విత్ జి" నడిపిస్తే, పైకి బయల్దేరేటప్పుడు గీత 9.8 మీద చిన్న గుట్టలా లేచి, మధ్య అంతస్తుల్లో మళ్లీ 9.8కి వచ్చి, ఆగేటప్పుడు చిన్న గుంటలా దిగుతుంది. కిందికి వచ్చేటప్పుడు ముందు గుంట, తర్వాత గుట్ట. 60 కిలోల మనిషి లిఫ్టులో నిలబడ్డాడు, లిఫ్టు 2 మీటర్ పర్ సెకండ్ స్క్వేర్ త్వరణంతో పైకి వెళ్తోంది, అతని దృశ్య భారం (లిఫ్టులో ఉన్నట్టు అనిపించే బరువు) ఎంత అన్న లెక్క ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) మెటీరియల్లో ఏ పుస్తకం తీసినా ఉంటుంది. జవాబు 708 న్యూటన్లు, కిందికి అదే త్వరణంతో అయితే 468. ప్లస్ వెయ్యాలా మైనస్ వెయ్యాలా అని బట్టీ పట్టే బదులు గుట్టా గుంటా గుర్తుంచుకుంటే చాలు. లిఫ్టు మధ్యలో వెళ్తున్నంతసేపూ 588 మాత్రమే ఉంటుందని, వేగానికీ భారానికీ సంబంధం లేదని కూడా ఆ గ్రాఫులోనే ఉంది. యాప్‌లో "ఎలివేటర్" అని విడిగా ఇంకో ప్రయోగం ఉంది, చాలా బాగుంటుంది, ఎత్తు కూడా చూపిస్తుంది, కానీ దానికి ఫోన్లో గాలి పీడనం కొలిచే బారోమీటర్ ఉండాలి, మన మధ్యతరగతి ఫోన్లలో చాలావాటికి అది ఉండదు.

జి విలువ కొలవడానికి నాకు నచ్చింది "అకౌస్టిక్ స్టాప్‌వాచ్". మొదటి చప్పుడుకి మొదలై రెండో చప్పుడుకి ఆగే గడియారం, అంతే. అలమారా అంచున ఒక చెక్క స్కేలు బయటికి పొడుచుకొచ్చేట్టు పెట్టి దాని చివర ఒక పెద్ద గోలీ పెట్టండి, కింద స్టీలు పళ్లెం. గరిటెతో స్కేలుని పక్క నుంచి ఒక్కటిస్తే స్కేలు తప్పుకుంటుంది, గోలీ పడుతుంది, టక్ అని మొదలై టంగ్ అని ఆగుతుంది. మీటరు ఎత్తుకి 0.452 రావాలి. 0.44 వస్తే జి 10.3 అవుతుంది, 0.46 వస్తే 9.45. సెకనులో నూరో వంతు ఎంత తేడా తెస్తుందో, ప్రయోగంలో టైముని ఎందుకు ఒళ్లు దగ్గర పెట్టుకుని కొలవాలో పిల్లలకి అప్పుడు తెలుస్తుంది.

ఇందులో ఒక సూక్ష్మం ఉంది. ఫోనుని పళ్లెం పక్కనే నేల మీద పెడితే ఎప్పుడూ కాస్త ఎక్కువే వస్తుంది, 9.9 దాటి. గోలీ బయల్దేరిన చప్పుడు మీటరు దూరం దిగి ఫోనుని చేరడానికి సెకనులో దాదాపు వెయ్యింట మూడు వంతులు పడుతుంది, పళ్లెం చప్పుడు మాత్రం వెంటనే చేరుతుంది. గడియారం ఆలస్యంగా మొదలై సరైన టైముకే ఆగుతోంది. ఫోనుని రెండింటికీ సమాన దూరంలో, అర మీటరు ఎత్తున ఒక స్టూలు మీద పెడితే ఆ తేడా పోతుంది. ఈ కిటుకు చెప్పకుండా "ఎప్పుడూ ఎక్కువే ఎందుకొస్తోందిరా, ఒక్కసారైనా తక్కువ రావాలి కదా" అని పిల్లల మీదికే వదిలేశాను, పదో తరగతి అమ్మాయి ఒకతె ధ్వని వేగం సంగతి తనే పట్టుకుంది. ఫ్యాను ఆపండి, థ్రెషోల్డ్ అంకె (ఎంత గట్టి చప్పుడైతే గడియారం పట్టించుకోవాలో చెప్పేది) కాస్త పెంచండి, లేకపోతే పక్కింటి కుక్కర్ విజిల్‌కి కూడా గడియారం ఆగిపోతుంది.

లోలకం ప్రయోగం కూడా ఉంది, ఫోనుని సంచిలో కట్టి ఊపడమే, పొడవు మీటరైతే ఆవర్తన కాలం 2 సెకన్లు వస్తుంది, దానికి ఫోన్లో తిరుగుడు కొలిచే జైరోస్కోప్ కావాలి. బంతి ఎగిరెగిరి పడే ప్రయోగం చిన్నపిల్లలకి సరదా, టప్ టప్ చప్పుళ్ల మధ్య టైముని బట్టి బంతి ఎంత ఎత్తుకి లేచిందో, ఒక్కో దెబ్బకి ఎంత శక్తి పోయిందో యాప్ చెబుతుంది, కాకపోతే జి విలువ దానికి ముందే తెలుసనుకుని చెబుతుంది కాబట్టి జి కొలవడానికి అది పనికిరాదు.

ఇక లోపాలు. నాకు అన్నిటికంటే చిరాకు తెప్పించేది గ్రాఫు స్కేలు. వచ్చిన అంకెలకి తగ్గట్టు అదే సర్దుకుంటుంది, దానివల్ల బల్ల మీద కదలకుండా ఉన్న ఫోను కూడా భూకంపం వచ్చినట్టు గీతలు గీస్తుంది. పక్కన అంకెలు చదివితే తేడా 0.02 కూడా ఉండదు. గ్రాఫు చూడగానే నిలువు గీత మీద అంకెలు చదవండి అని ముందు నేర్పించకపోతే పిల్లలు ఆ గజిబిజిని నిజమనుకుంటారు. రెండోది, చుక్క తర్వాత అంకెలు గుప్పించేస్తుంది, పిల్లలు అన్నీ రికార్డులో ఎక్కించేస్తారు. మూడోది, నేను వాడింది ఇంగ్లీషులోనే, ప్రయోగాల పేర్లు మన సిలబస్ పేర్లతో కలవవు, తెలుగు మీడియం పిల్లలకి త్వరణం, స్వేచ్ఛాపతనం, లఘులోలకం అన్న మాటలు పక్కన రాసి పెట్టుకోవాలి. అన్నిటికీ మించి, యాప్ ఏ ప్రశ్నా అడగదు. ప్రశ్నలన్నీ మనమే తెచ్చుకోవాలి, టీచరుకి ఓపిక లేని రోజు ఇది ఉత్త గ్రాఫుల ఆట.

అయినా సరే, ఇంతకు ముందు ఒక ఆన్‌లైన్ షాపులో రెండు వేలకి పైనే పోసి కొన్న సైన్స్ కిట్‌తో పోలిస్తే ఇది ఎక్కడో ఉంది. ఆ కిట్ డబ్బా మీద వందకి పైగా ప్రయోగాలని రాశారు, తెరిస్తే సగం అట్టముక్కలు, స్ప్రింగ్ త్రాసులో ముల్లు రెండో రోజే ఇరుక్కుపోయింది. యానిమేషన్ వీడియోల యాప్‌లు అందంగానే ఉంటాయి, చూసినంతసేపు అన్నీ అర్థమైనట్టే ఉంటుంది, కానీ అందులో రాయి డైరెక్టరు చెప్పినట్టు పడుతుంది, పిల్లాడి అంచనా తప్పయ్యే అవకాశమే ఉండదు.

ఫోను చెయ్యలేని పనులకి మాత్రం కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్ల ఫెట్ సిమ్యులేషన్లు (స్క్రీను మీద మనమే మార్చి చూసే బొమ్మ ప్రయోగాలు) పక్కన పెట్టుకోండి, అవీ ఉచితమే. 2002లో వాటిని మొదలుపెట్టిన కార్ల్ వీమన్ అంతకు ముందు ఏడాదే ఫిజిక్స్‌లో నోబెల్ అందుకున్న మనిషి. "గ్రావిటీ అండ్ ఆర్బిట్స్" అన్న దాంట్లో గురుత్వాకర్షణ స్విచ్ ఆపేస్తే భూమి సూర్యుణ్ణి వదిలేసి సరళరేఖలో వెళ్లిపోతుంది. సూర్యుడికి ఎదురు దిక్కున బయటికి వెళ్తుందనుకునే పిల్లలు చాలామంది ఉంటారు, వాళ్లకి అది చూపించాల్సిందే. బల్ల, లిఫ్టు, పరుపు ఫైఫాక్స్‌తో, గ్రహాలు ఫెట్‌తో, నా క్లాసు ఇప్పుడిలా నడుస్తోంది.

ఐదుకి నాలుగు ఇస్తాను, ఆ ఒక్కటీ గ్రాఫు స్కేలుకి కోసేశా. దీనికోసం కొత్త ఫోను కొనకండి. ఉన్న ఫోన్లో వేసి జాబితా చూడండి, సెన్సర్ లేని ప్రయోగాలు బూడిద రంగులో మసగ్గా కనిపిస్తాయి, యాక్సిలరేషనూ మైకూ పనిచేస్తే నేను పైన చెప్పిన వాటిలో ముఖ్యమైనవన్నీ అయిపోతాయి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు మెనూలో "రిమోట్ యాక్సెస్" ఆన్ చేసి ఫోను హాట్‌స్పాట్‌కి కలుపుకుంటే గ్రాఫు బ్రౌజర్‌లో పెద్దగా కనిపిస్తుంది, పదిమంది పిల్లలు ఒక్క చిన్న స్క్రీను మీద తలలు కొట్టుకోకుండా ఉంటారు.